మా ఇంట్లోని వీడియో గేమ్‌ను గ్రంథాలయానికి తీసుకోండి

చిత్తూరు జిల్లా గ్రంథాలయ సంస్థ అధ్యక్షుల వారికి, కార్యదర్శి గారికి



నేను చిత్తూరులో హైస్కూలు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయురాలిని. మా ఇంట్లో ఒక వీడియో గేమ్ ఉంది. టీవీకి తగిలించేది కాదు, రెండు చేతుల్లో పట్టుకొని ఆడేది. బెంగళూరులో ఉద్యోగం చేసే మా తమ్ముడు రెండేళ్ల కిందట మా పిల్లలిద్దరికీ కలిపి కొనిచ్చినాడు. దాన్ని గ్రంథాలయానికి ఇవ్వాలనుకుంటున్నాను. తీసుకోమని అడిగేదానికే ఈ ఉత్తరం. నేరుగా మీ ఆఫీసుకు రాకుండా పత్రికలో ఎందుకు అడుగుతున్నానంటే, చిత్తూరు, తిరుపతి ఇళ్లల్లో ఇట్లాంటివి కొని బీరువాల్లో పెట్టేసినవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల చెవిన కూడా ఈ మాట పడాలని.

గ్రంథాలయంలో వీడియో గేమ్ ఏందమ్మా అని మీరు అడగొచ్చు. అడగాల్సిన మాటే అది. అందుకే ఆ వస్తువు ఇంట్లో ఉంటే వచ్చే మంచీ చెడ్డా నేను చూసినంత వరకు దాచకుండా చెబుతాను.

ముందు ఒక పాత సంగతి. 1997 ఎండాకాలం సెలవుల్లో కొండకు పోయి వస్తూ, తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గరి అంగళ్లలో మా నాయన నాకూ తమ్ముడికీ కలిపి ఒక బ్రిక్ గేమ్ కొనిచ్చినాడు. అప్పుడు నేను ఏడో తరగతి, వాడు నాలుగు. బూడిదరంగు డబ్బా, పసుపచ్చ గుండీలు. తెర మీద అడ్డంగా 10 గళ్లు, నిలువుగా 20 గళ్లు, అంతే. అట్ట మీద మాత్రం 9999 ఆటలని రాసుండేది. నిజానికి ఆట ఒకటే అనుకోవచ్చు, పైనుంచి పడే ఇటుకల్ని సందు లేకుండా పేర్చడం. అది మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ అనే ఆయన 1984లో తయారుచేసిన టెట్రిస్ అనీ, 1989లో జపాన్ నింటెండో కంపెనీ గేమ్‌బాయ్ అనే చేతి ఆటతో దాన్ని ప్రపంచమంతా తిప్పిందనీ నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. గేమ్‌బాయ్, దాని రంగుల తెర తమ్ముడు, రెండూ కలిపి 11 కోట్లకు పైగా అమ్ముడుపోయినాయి. గేమ్‌బాయ్‌ను తీర్చిదిద్దిన గున్‌పే యొకోయి నమ్మకం ఒకటే: కొత్త సాంకేతికత వెంట పరుగెత్తొద్దు, పాతబడి చవకైన దానితోనే కొత్త ఆట పుట్టించు. ఆ చవకతనం అట్లా అట్లా దిగి వచ్చి గోవిందరాజస్వామి గుడి వీధిలో మా చేతికి అందింది.

ఇంట్లో ఒకే రూలు ఉండేది. ఒక ఔటుకు ఒకరు. నేను ఔటైతే వాడికివ్వాల, వాడు ఔటైతే నాకు. సెల్లులు నీరసపడితే తీసి ఎండలో పెట్టేవాళ్లం, పంటితో నొక్కేవాళ్లం. అప్పటికీ పలక్కపోతే ఒకరోజు రాత్రి తమ్ముడు గోడ గడియారంలోని సెల్లు పీకి వేసినాడు. గడియారం మూడు ముప్పావు దగ్గర నిలబడిపోయింది. కోర్టు పని మీద పొద్దున తిరుపతి బస్సు ఎక్కాల్సిన నాయనకు ఆ బస్సు తప్పిపోయింది. కొట్టలేదు, తిట్టలేదు. డబ్బాను బీరువా మీద, మాకు అందనంత ఎత్తులో పెట్టినాడు. నెలకు పైగా అది అక్కడే ఉండింది. ఆటకు మంచీ చెడ్డా రెండూ ఉంటాయని నేను నేర్చుకున్నది ఆ నెలలోనే.

ఇప్పటి పిల్లకాయలకు ఆట అంటే ఫోను. నా అసలు భయం అక్కడుంది. మావాడు ఆరో తరగతిలో ఉన్నప్పుడు మా ఆయన ఫోనులో ఉచిత ఆట ఒకటి ఆడేవాడు. వాడి పక్కన కూర్చొని ఒక ఆదివారం సాయంత్రం లెక్కపెట్టినాను. అరగంటలో తొమ్మిది ప్రకటనలు. అందులో రెండు రమ్మీ ప్రకటనలు, నోట్ల కట్టలు ఎగురుతూ. పదకొండేళ్ల పిల్లోడికి! మా బంధువుల ఇంట్లో ఇంకొక పిల్లోడు ఆటలో తుపాకీకి రంగులు మార్చేదానికని వాళ్ల నాయన ఖాతాలోంచి పదకొండు వేలు ఖర్చుపెట్టేసినాడు. నెలాఖరులో బ్యాంకు లెక్క చూసుకునేదాకా ఎవరికీ తెలియదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది. మంచి పనే. కానీ పిల్లోణ్ణి ఆట మధ్యలో ఆపి, ఇంకో ప్రాణం కావాలంటే ప్రకటన చూడు, లేదా వజ్రాలు కొను అని అడిగే పద్ధతి ఆ చట్టాలతో పోలేదు.

చేతి వీడియో గేమ్ అట్లా కాదు. కనీసం మేం వాడినట్టు వాడితే కాదు. ఆట అంతా గోరంత కార్డులో ఉంటుంది. కార్డు దూర్చితే ఆట, తీస్తే లేదు. నెట్టు కలపలేదు, ఖాతా కలపలేదు. ప్రకటన రాదు, ముక్కూ ముఖం తెలియనివాడు మాట కలపడు, మధ్యలో వాట్సాప్ మోగదు. అన్నిటికన్నా ముఖ్యం, చాలా ఆటలకు చివర ఒకటి ఉంటుంది. కథ అయిపోతుంది. పుస్తకం ఆఖరి పేజీ మూసినట్టు మావాడు దాన్ని పక్కన పెట్టి, "అయిపోయిందిమ్మా" అని బయటికి పోయినాడు ఒకరోజు. ఫోను ఆట అయిపోయిందని చెప్పిన పిల్లోణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

మా ఇంట్లో జరిగిన ఇంకో ముచ్చట చెప్పాల. 'వెణ్బా' అని ఒక చిన్న ఆట ఉంది, 2023లో వచ్చింది. తమిళనాడు నుంచి కెనడాకు పోయిన ఒక కుటుంబం కథ. ఆ తల్లి దగ్గర వాళ్లమ్మ ఇచ్చిన వంటల పుస్తకం ఉంటుంది, అది చిరిగి, తడిసి, సగం అక్షరాలు చెరిగిపోయి ఉంటాయి. మిగిలిన దాన్నిబట్టి వంట ఎట్లా చేయాలో ఆడేవాళ్లు తేల్చుకోవాల. మొదటి వంట ఇడ్లీ. మా పాప ఇడ్లీ రేకులు పేర్చలేక మూడుసార్లు తప్పింది. మా అత్తది గుడియాత్తం వైపు పుట్టిల్లు, తమిళం చదువుతుంది. అంతవరకు ఆ వస్తువు మొహం కూడా చూడని మనిషి, కూరగాయలు తరుగుతున్న చోటినుంచి లేచి వచ్చి కళ్లజోడు పెట్టుకొని, "రేకు తిప్పి పెట్టమ్మే. ఇడ్లీ మీద ఇడ్లీ రాకూడదు, ఆవిరి యాడ పోతుంది?" అనింది. పాప తిప్పి పెట్టింది. ఇడ్లీ ఉడికింది. ఆ తర్వాత వారం రోజులు అవ్వా మనవరాలూ రాత్రి అన్నాలైనాక దాని ముందే కూర్చున్నారు. పాప మరుసటి ఆదివారం నిజం ఇడ్లీ పాత్రలో రేకులు తానే పేర్చింది.

ఇక చెడ్డ సంగతికి వస్తాను. ఇది తక్కువేం కాదు.

మొదటిది కన్ను. ఏడంగుళాలకు మించని తెరను పిల్లలు మోచేతులు మడిచి మొహం దగ్గర పెట్టుకుంటారు. చూపు దగ్గరే గంటల కొద్దీ నిలబడిపోతుంది. పిల్లల కంటికి బయటి వెలుతురు, దూరపు చూపు ఎంత అవసరమో కళ్ల డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. మా వరండా నుంచి కనబడే కొండను కూడా చూడకుండా వాడు తల వంచుకొని కూర్చుంటే నాకు కడుపులో దేవేది. తర్వాత మెడ, బొటనవేలు. పరీక్షల ముందు రోజు రాత్రి దుప్పటి కింద వెలుగు కనబడి పట్టుకున్నాను. నాయన బీరువా మీద పెట్టినట్టే నేనూ పెట్టినాను, మూడు వారాలు. మావాడిది వ్యసనం కాదు, అడిగితే ఇచ్చేసేవాడు. కానీ ఆ గీత దాటే పిల్లలు ఉన్నారు. ఆట మీద అదుపు తప్పి, చదువూ తిండీ నిద్రా చెడిపోయినా మానలేకుండా ఏడాది పాటు అట్లే సాగితే దాన్ని జబ్బుగానే చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఒప్పుకున్నది, 2022 నుంచి అది అమల్లో ఉంది. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో ఇట్లాంటి వాటికోసమే 2014 నుంచి ప్రత్యేకంగా ఒక క్లినిక్ నడుస్తోంది. చేతి ఆటకూ ఈ ప్రమాదం ఉంది. ఫోనుకన్నా తక్కువ అని మాత్రమే నేను చెప్పగలను.

రెండోది ఖర్చు. నింటెండో స్విచ్ 2 అమెరికాలో 2025 జూన్‌లో వచ్చినప్పుడు 450 డాలర్లు. ఆ కంపెనీ మన దేశంలో నేరుగా అమ్మదు. కాబట్టి మనవాళ్లు చెన్నై బర్మా బజారుకో, రిచీ స్ట్రీటుకో, బెంగళూరు నేషనల్ మార్కెట్టుకో పోవాల, వాళ్లు చెప్పిందే ధర. ఒక్కొక్క ఆట కార్డు మూడు నాలుగు వేలు. ఒక ఆట అయిపోగానే ఇంకోటి. మావాడు ఒకసారి మెట్ల మీద జారవిడిచినాడు. ఎడమచేతి వైపు పుల్ల వంగిపోయి, బొమ్మ తనంతట తానే పక్కకు నడిచేది. చిత్తూరులో బాగుచేసేవాళ్లు దొరకలేదు. చెన్నైలో ఒక అంగడిలో రెండు వేల రెండు వందలు కట్టి బాగుచేయించినాము. పది రోజులకు మళ్లీ అదే. చివరికి తమ్ముడే పుల్ల తెప్పించి, యూట్యూబ్ చూసి మార్చినాడు. నాలుగైదు వందలకు మన ఫ్యాన్సీ అంగళ్లలో దొరికే 400 ఆటల డబ్బాలు ఉన్నాయి కదా అంటారు. ఒకటి మేమూ కొన్నాము. అదే ఆట పేరు మార్చి మార్చి వస్తుంది, ఏడాది తిరక్కముందే సెల్లు ఉబ్బి వెనకమూత లేచిపోయింది. అట్లాంటిది పిల్లల చేతికి ఇవ్వొద్దని తల్లులందరికీ చెబుతాను.

మధ్యలో ఒక బాధ చెప్పుకోనివ్వండి. సత్యవేడు పక్కన శ్రీసిటీలో 2015లో ఫాక్స్‌కాన్ కంపెనీ ఫోన్లు కూర్చడం మొదలుపెట్టింది. ప్రపంచంలో ఈ చేతి వీడియో గేమ్‌లు కూర్చే పెద్ద సంస్థల్లో కూడా అదొకటి. తిరుపతిలో 2022లో లిథియం సెల్లుల తయారీ ప్రయోగాత్మకంగా మొదలైంది. మన ఆడపిల్లలు తెల్లారకముందే కంపెనీ బస్సులెక్కి పోయి చిన్న చిన్న చిప్పులు పట్టకారుతో పెట్టి వస్తున్నారు. ఇన్ని చేతులున్న చోట, మా పాప ఆ వస్తువు తెరిస్తే భాషల జాబితాలో తెలుగు లేదు. మన దేశంలో ఆటలు చేయలేరా అంటే, పూణేవాళ్లు 'రాజీ' అనే ఆట చేసి 2020లో నింటెండో స్విచ్ మీద ముందుగా విడుదల చేసినారు. గంగమ్మ జాతరలో రోజుకొక వేషం మార్చుకుంటూ పాలెగాణ్ణి వెదికే కథ మన తిరుపతిలో ఉంది. అంతకన్నా మంచి ఆట కథ ఎవరికి దొరుకుతుంది?

మూడో చెడ్డే నన్ను ఈ ఉత్తరం రాయించింది. అది సొంతం అన్న మాట.

పోయిన ఎండాకాలం మధ్యాహ్నం పూట మా వరండాలో నలుగురైదుగురు పిల్లకాయలు మూగేవాళ్లు. మావాడు మధ్యలో, తక్కినవాళ్ల తలకాయలు వాడి భుజాల మీదుగా. ఆడేది ఒకడు, చూసేది నలుగురు. ఎదురింటి మేడ మీద బాడుగకుండే పిల్లోడు, వాళ్లమ్మ టిఫిన్ హోటల్లో పని చేస్తుంది, "ఒక్కసారి ఇయ్యన్నా" అని చెయ్యి చాపినాడు. మావాడు తల ఎత్తకుండా, "పడేస్తావురా, ఇది మాది" అన్నాడు. ఆ పిల్లోడు చెయ్యి వెనక్కి తీసుకొని నిక్కరుకు తుడుచుకున్నాడు. చేతికి మట్టి ఉందనుకున్నాడో ఏమో. నేను లోపల చపాతీ పిండి కలుపుతూ కిటికీలోంచి చూసినాను. 'ఒక ఔటుకు ఒకరు' అన్న ఇంట్లో పెరిగినదాన్ని. నా కొడుకు నోట అట్లాంటి మాట వచ్చినందుకు ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాడితో మాట్లాడినాను, అర్థం చేసుకున్నాడు, మరుసటి రోజు ఇచ్చినాడు కూడా. కానీ ముప్పై వేల వస్తువు ఒక ఇంటికి సొంతమై ఉన్నంత వరకు, ఎదురింటి పిల్లోడికి అది మా దయ మీదే. పిల్లల ఆట ఒకరి దయ మీద నడవకూడదు.

ఇంకో సంగతి. ఆ తర్వాత కొన్నాళ్లకు మా పిల్లలకు దాని మీద మోజు తీరిపోయింది. మావాడికి ఇప్పుడు క్రికెట్టు, పాపకు బొమ్మలు గీయడం. వస్తువు బీరువాలో ఉంది. దాని పని అయిపోయిందా? మా ఇంట్లో అయిపోయింది, ఊళ్లో మొదలు కూడా కాలేదు. చదివేసిన పుస్తకం గ్రంథాలయానికి ఇచ్చినట్టు దీన్ని ఎందుకు ఇవ్వకూడదు అని అప్పుడు తోచింది.

గ్రంథాలయం పుస్తకాలకే అంటారా? గ్రంథాలయోద్యమంలో పని చేసిన పాతూరి నాగభూషణం గారు 1935లో గుంటూరు జిల్లా కాలువల్లో పడవ మీద పుస్తకాలు పెట్టి ఊరూరికీ తిప్పినారు. మనుషులు ఎక్కడుంటే అక్కడికి గ్రంథాలయం పోవాలనేది మన ఉద్యమం నేర్పిన పాఠం. పిల్లలు ఇప్పుడు తెర దగ్గర ఉన్నారు. వేసవి శిబిరాల్లో చదరంగం, క్యారమ్‌బోర్డు పెడుతూనే ఉన్నారు కదా, ఇది వాటి పక్కన ఇంకొక బోర్డు. ఫిన్లాండు రాజధాని హెల్సింకీలో 2018 డిసెంబరులో తెరిచిన ఊడీ గ్రంథాలయంలో పుస్తకాలతో పాటు వీడియో గేమ్ గదులూ కుట్టుమిషన్లూ ఉన్నాయి. 2013లో వెలువడిన ఒక ఇటలీ పరిశోధనలో, చదవడం కష్టమయ్యే పిల్లల చేత పన్నెండు గంటలు చురుకైన వీడియో గేములు ఆడించి చూస్తే వాళ్ల చదివే వేగం పెరిగింది. పరీక్షలో ఉన్నది ఇరవై మంది పిల్లలే, దాన్ని పట్టుకొని గొప్పలు చెప్పను. ఆటా చదువూ ఒకదానికొకటి శత్రువులు కావని మాత్రం నమ్ముతాను. ఏ ఊరి గ్రంథాలయానికి పోయినా పొద్దున పేపరు చదివే పెద్దవాళ్లు, డీఎస్సీకీ గ్రూప్సుకూ చదువుకునే యువకులు కనబడతారు. పదేళ్ల పిల్లోడు తనంతట తాను లోపలికి వచ్చేదానికి ఒక కారణం కావాల.

ఇంటికి ఇచ్చి పంపొద్దు. అక్కడే, బల్ల దగ్గర కూర్చొని, ఇద్దరిద్దరు ఆడాల. వారానికి రెండు సాయంత్రాలు, మనిషికి అరగంట చాలు. నెట్టు కలపొద్దు. పుస్తకానికి వేసినట్టే దీనికీ యాక్సెషన్ నంబరు వేసి, స్టాకు రిజిస్టరులో రాసి, తాళం వేసిన అల్మారాలో పెట్టండి. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. ఒక పుస్తకం చదివితే ఒక ఆట అనే బేరం పెట్టొద్దు. అట్లా పెడితే పిల్లోడికి పుస్తకం కట్టాల్సిన అపరాధ రుసుము మాదిరి అయిపోతుంది. ఆటలో తన వంతు వచ్చేదాకా పిల్లోడు ఖాళీగా కూర్చుంటాడు. ఆ అరగంటకు చేతికందే ఎత్తులో బొమ్మల పుస్తకాలు పెట్టండి, చాలు.

సిబ్బంది లేరు, డబ్బు లేదు అంటారని తెలుసు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాము, ఆ పైసలు గ్రంథాలయాలకు సకాలంలో చేరవన్న మాట రాష్ట్రమంతా వింటున్నదే. అందుకే మిమ్మల్ని కొనమని అడగడం లేదు. తీసుకోమంటున్నాను. ఆ రెండు సాయంత్రాలు కూర్చునేదానికి నేను వస్తాను. నాతోపాటు ఇద్దరు టీచర్లు వస్తామన్నారు. పిల్లలు పడేస్తే బాగుచేయించే బాధ్యత మా తమ్ముడిది, "అక్కా, పుల్లలు ఇంకో రెండు జతలు తెప్పించి పెడతా" అన్నాడు.

నవంబరు 14న గ్రంథాలయ వారోత్సవాలు మొదలవుతాయి. దానికి ముందు వచ్చే శనివారం వస్తువు, ఛార్జరు, మూడు ఆట కార్డులు తీసుకొని మీ ఆఫీసుకు వస్తాను. 'వెణ్బా' అందులో ఉంది, మొదటి వంట దగ్గర మా అత్త చెప్పిన కిటుకు ఒక కాగితం మీద రాసి డబ్బాలో పెట్టినాను. మావాడు, ఎదురింటి పిల్లోడు ఇద్దరూ నాతో వస్తారు, ఎట్లా ఆన్ చేయాలో మీ లైబ్రేరియన్ గారికి వాళ్లే చూపిస్తారు. తీసుకుంటారా లేదా అన్నది ఒక కార్డు ముక్క మీద రాసి పంపినా చాలు.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయురాలు,
చిత్తూరు